నూనె ఇంజనులయందు సంపీడన నిష్పత్తి: రైతులు తెలిసికొనదగిన సంగతులు

(ఉపన్యాస పాఠము)

వేసవిలో బావి నీరు అడుగంటి, మడి నెఱ్ఱెలు విచ్చుటకు ఇంక రెండు దినములే యున్నవనగా ఇంజను కదలకపోవుటకంటె సేద్యగానికి గలుగు కష్టము వేఱొకటి లేదు. ఇద్దఱు మనుష్యులు హ్యాండిలు పట్టి త్రిప్పి త్రిప్పి అలసిపోవుదురు. గొట్టమునుండి తెల్లని పొగ రెండు మూడు మాఱులు వచ్చి ఆగిపోవును. బస్తీనుండి పిలిపింపబడిన మిస్త్రీ వచ్చి, ఫ్లైవీలును ఒక్కమాఱు చేతితో నూపి, "కంప్రెషను లేదు" అని తేల్చివేయును. ఆ మాట నిజమే కావచ్చును. కాని దానికి చికిత్స యేమన్నచో, ఒకడు హెడ్డును చెక్కింపుమనును. ఒకడు పలుచని ప్యాకింగు వేయుమనును. మఱియొకడు లైనరు, పిస్టను, రింగులు సమస్తమును మార్పుమనును. రైతు ఎవని మాట వినవలెను?

ఈ చిక్కంతయు ఒకే మాటను రెండు వేఱు సంగతులకు వాడుటచే గలిగినది. అందు మొదటిది సంపీడన నిష్పత్తి. ఇది ఇంజను తయారైన కర్మాగారముననే నిర్ణయింపబడిన కొలత. రెండవది సంపీడనపు ఒత్తిడి, అనగా ఆ ఇంజను తన లోపలి గాలిని కాఱిపోనీయక నిలుపుకొను బిగువు. రింగులు అరిగినను, వాల్వులు కాలినను మొదటిది ఇంచుమించు మాఱదు. రెండవది మాత్రము ఏటేట తగ్గిపోవుచుండును. రెండవదానికి వచ్చిన జబ్బునకు మొదటిదానిపై చికిత్స చేసినచో ధనము వ్యయమగుటయేగాక బాగున్న భాగములు సైతము చెడును. ఈ భేదమును విశదపఱచుటయే ఈ ఉపన్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

సిలిండరనగా నున్నగా తొలువబడిన ఇనుప గొట్టము. శాస్త్ర గ్రంథములందు ముషలకమనియు, వాడుకలో పిస్టననియు చెప్పబడునది దానియందు క్రిందికిని మీదికిని నడచుచుండును. పిస్టను అట్టడుగునకు దిగినపుడు దానిపైన నుండు చోటంతయు ఒక కొలత. అది మీదికి వచ్చి ఆగినపుడు, పిస్టను నెత్తికిని హెడ్డునకును నడుమ మిగులు ఇఱుకు చోటు రెండవ కొలత. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా వచ్చు సంఖ్యయే సంపీడన నిష్పత్తి.

దృష్టాంతముగా కిర్లోస్కరు ఏవీ 1 అను 5 గుఱ్ఱముల శక్తిగల డీజిలు ఇంజనును గైకొనవచ్చును. ఇది బావుల గట్లపైనను, ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలయందును చిరపరిచితమైనది. దీని సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటరులు. పిస్టను నడక 110 మిల్లీమీటరులు. లెక్క కట్టగా పిస్టను ఒక నడకలో తుడిచివేయు చోటు 553 ఘన సెంటీమీటరులగును. దీని సంపీడన నిష్పత్తి 16.5. కావున మీద మిగులు ఇఱుకు చోటు 35.7 ఘన సెంటీమీటరులు మాత్రమే. ఈ రెండును కలిపిన 588.7 మొత్తము చోటు, దానిని 35.7 చే భాగించినచో 16.5 వచ్చును. అనగా నొక పెద్ద చెంబులో పట్టునంత గాలి రెండున్నర పెద్ద చెంచాల చోటులోనికి అదుమబడుచున్నదన్నమాట. ఈ 35.7 అను సంఖ్యను రైతు జ్ఞాపకముంచుకొనుట మేలు. ముందు దీనితో చాల పని గలదు.

నిష్పత్తి పెద్దదైనచో ఇంజను పెద్దదని కొందఱు తలతురు. అది పొరపాటు. ఐదు గుఱ్ఱముల ఇంజనునకును ఏబది గుఱ్ఱముల ఇంజనునకును ఒకే నిష్పత్తి యుండవచ్చును. ఇది పరిమాణముయొక్క కొలత గాదు, అదుముడుయొక్క కొలత.

గాలిని ముందుగా నేల అదుమవలెను? నూనెను ఊరక మండించినచో చాలదా యని అడుగవచ్చును. మొదట అట్లే చేసిరి. 1860 వ సంవత్సరమున పారిసు నగరమునందు లెన్వా అను నతడు చేసిన గ్యాసు ఇంజను, అదుముడు లేకయే, లోనికి పీల్చుకొన్న గ్యాసును గాలిని నడిత్రోవలో అంటించెడిది. అది తిరిగినది, అమ్ముడుపోయినది, కాని దానికి వేసిన గ్యాసులోని వేడిమిలో నూటికి 5 పాళ్లైనను పనిగా మాఱుట గగనమయ్యెను. 1876 లో జర్మనీ దేశీయుడగు నికొలాసు ఆటో, పీల్చుట, అదుముట, మండుట, వెడలగొట్టుట యను నాలుగు నడకల ఇంజనును చేసెను. అందలి అదుముడు మూడు రెట్లకు మించలేదు. అంతమాత్రమునకే ఫలితము నూటికి 14 పాళ్లకు పెరిగినది. నేటి ఇంజనులలో అత్యధిక భాగము ఆ నాలుగు నడకలనే నడచుచున్నవి.

దీనికి కారణము సులభమే. మండిన వాయువు పిస్టనును త్రోయుచు వ్యాపించును. వ్యాపించుకొలది దాని ఒత్తిడియు వేడిమియు తగ్గును. అడుగునకు చేరగానే పొగవాల్వు తెఱచుకొనును. అప్పటికి మిగిలియున్న బలమంతయు ఆకాశము పాలగును. నాలుగు రెట్ల చోటునకు మాత్రమే వ్యాపించిన వాయువు ఇంకను చేవగలిగియే బయటికి పోవును. పదునాఱు రెట్లు వ్యాపించినది తన చేవలో నధికభాగమును పిస్టనునకు ధారపోసి పోవును. అదుముడు నిష్పత్తియే వ్యాప్తి నిష్పత్తి గూడ గదా! పొగగొట్టము ఎఱ్ఱబడునంత కాగుచున్నదన్నచో, ఆ కాకకంతకును నూనె వెల యిచ్చినవాడు రైతే.

లెక్కల ప్రకారము, నష్టములేవియు లేని ఇంజనునకు నిష్పత్తి 4 అయినచో వేడిమిలో నూటికి 43 పాళ్లు పని యగును. 8 అయినచో 56. 16 అయినచో 67. 20 అయినచో 70. నిజమైన ఇంజనులందు రాపిడి, గోడలకు తగులు వేడి మొదలగు నష్టములుండుటచే, చిన్న డీజిలు ఇంజను మంచి స్థితిలో నున్నను మూడవ వంతునకు దరిదాపుగా మాత్రమే దక్కును. కాని పై సంఖ్యల నడకను గమనింపదగును. 4 నుండి 8 కి పోయిన లాభము పెద్దది. 16 నుండి 20 కి పోయినది మిక్కిలి స్వల్పము. కావున నిష్పత్తిని ఇంకను పెంచినచో నూనె సగము కలిసివచ్చునని చెప్పు మిస్త్రీ మాటను నమ్మి హెడ్డును చెక్కించుట వ్యర్థము. ఎక్కువ అదుముడునకు ఇంజను బేరింగులును, కనెక్టింగు రాడ్డును, హెడ్డు బోల్టులును ఎక్కువ బరువు మోయవలసి వచ్చును. కర్మాగారమువారు ఈ రెండింటిని తూచియే సంఖ్యను నిర్ణయించియుందురు.

అదుముడువలన కలుగు రెండవ ఫలితము వేడిమి. సైకిలు చక్రమునకు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము చేతికి వేడిగా తగులుట ప్రతివాఱును ఎఱిగినదే. అందు కొంత రాపిడి వేడి. అధికభాగము గాలిని అదుముటచే పుట్టినది. బర్మా, మలయా, జావా మొదలగు ప్రాంతముల ప్రజలు అగ్గిపెట్టెలు రాకపూర్వమే దీనిని వాడుకొనిరి. కొమ్ముతోగాని కఱ్ఱతోగాని చేసిన సన్నని గొట్టములో దూది వంటి పదార్థము నుంచి, బిగువైన కడ్డీని ఒక్క పోటున లోనికి కొట్టి తీసినచో ఆ దూది నిప్పు అంటుకొనియుండెడిది. కడ్డీని మెల్లగా త్రోసినచో నిప్పు పుట్టదు. ఈ మాట హ్యాండిలు త్రిప్పువారికి పనికివచ్చును.

ఏవీ 1 వంటి ఇంజనులో గాలి 16.5 వ వంతునకు అదుమబడినచో ఒత్తిడి 16.5 రెట్లే కాదు, 35 మొదలు 40 రెట్ల వఱకు పెరుగును. చోటు తగ్గుటయేగాక గాలి వేడెక్కుటయు దీనికి హేతువు. ఆ సమయమున గాలి వేడిమి సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. ఆ గాలిలోనికి నాజిల్ ద్వారా తుంపరగా కొట్టబడిన డీజిలు నూనె, నిప్పురవ్వ యక్కఱలేకయే తనంతట తాను అంటుకొనును. రుడాల్ఫు డీజిలు అను జర్మను ఇంజనీరు ఈ సూత్రముతో ఆగ్సుబర్గు నగరమున చేసిన ఇంజనును 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటరు పరీక్షింపగా, నూటికి 26 పాళ్ల ఫలితము వచ్చినది. ఆ కాలమునకు అది యపూర్వము. 1900 సంవత్సరపు పారిసు ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతో నడుపబడినది. వేరుసెనగ పండించు తెలుగు రైతులకు ఈ సంగతి సంతోషము గొల్పును గాని, అందుచే ఇంటి గానుగ నూనెను నేరుగా ట్యాంకులో పోయరాదు. చిక్కని నూనె నాజిల్ నందు మసి గట్టును. ఆ మసి రింగులను కాడులలో బిగియింపగా, రింగులు గోడ నంటక అదుముడు పోవును.

డీజిలు ఇంజనునందు అదుమబడునది వట్టి గాలి. పెట్రోలు ఇంజనునందును, పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసినుతో నడపు చిన్న పంపు ఇంజనులందును గాలితోపాటు ఇంధనపు ఆవిరియు కలిసియే అదుమబడును. ఇందుచే నియమము తలక్రిందగుచున్నది. అచ్చట నిప్పు ప్లగ్గునుండి పుట్టి, వరిగడ్డి వాము ఒక కొననుండి కాలుచు వచ్చునట్లు క్రమముగా వ్యాపింపవలెను. అదుముడు మితిమీఱినచో, మంట చేరకముందే ఆవలి కొనయందున్న మిశ్రమము తనంతట తాను ఒక్కసారిగా ప్రేలును. సమ్మెటతో దాగలిపై కొట్టినట్లు వచ్చు ఆ చప్పుడును నాకింగందురు. దానిని లక్ష్యపెట్టక బరువుపై నడిపినచో పిస్టను నెత్తి కరగి తూటు పడుటయు గలదు.

పెట్రోలు నిప్పు చూపగానే భగ్గుమనును, కిరోసిను నిదానముగా అంటుకొనును. కావున కిరోసినే సాధువని యనేకుల నమ్మకము. బయట మంట చూపినపుడు అది నిజమే, ఏలయన పెట్రోలు త్వరగా ఆవిరియగును. కాని మంట లేక కేవలము అదుముడు వేడికి ఏది ముందు అంటుకొనునన్నచో, కిరోసినే ముందు. అందుచే కిరోసిను ఇంజనులకు నిష్పత్తి ఐదింటికి ఇటునటు తక్కువగా నుంతురు. నేటి పెట్రోలు మోటారు సైకిళ్లకు 9 లేక 10 వఱకు నుండును. వాటి పెట్రోలులో కిరోసిను కలిపి లాభము తీయజూచువాడు పిస్టను నమ్ముకొని కిరోసిను కొనుచున్నాడనవలెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము హారీ రికార్డో అను ఆంగ్ల ఇంజనీరు, నడచుచుండగనే నిష్పత్తిని మార్పదగిన ఇంజను నొకదానిని చేయించి, ఏ ఇంధనము ఎంత అదుముడునకు తాళునో పరీక్షించి చూపెను. 1921 లో అమెరికాయందు మిడ్జిలీ సీసపు సమ్మేళనమును పెట్రోలులో కలిపి నాకింగు మాన్పెను. కాని ఆ సీసము మనుష్యులకు విషమగుటచే భారతదేశమున 2000 నాటికి అది తొలగింపబడినది.

డీజిలు విషయమున ఈ గుణమే తాఱుమాఱగును. అచ్చట త్వరగా తనంతట అంటుకొను నూనెయే శ్రేష్ఠము. డీజిలులో పెట్రోలు కలిపినచో అంటుకొనుట ఆలస్యమై, పోగుపడిన నూనె ఒక్కపెట్టున మండి ఇంజను దడదడలాడును. ఒకదానికి సుగుణమైనది వేఱొకదానికి దుర్గుణమగుట ఇందలి విచిత్రము.

ఇక ప్యాకింగు సంగతి. హెడ్డునకును సిలిండరునకును నడుమ నుండు గ్యాస్కెట్టునే పల్లెలలో ప్యాకింగందురు. అసలైనది దొరకక, రెండు ప్యాకింగులను ఒకదానిపై నొకటి వేసి బిగించుట కొన్నిచోట్ల వాడుకగా నున్నది. ఇది చిన్న సంగతి యని తోచును. ఏవీ 1 సిలిండరు అడ్డుకోత వైశాల్యము 50.3 చదరపు సెంటీమీటరులు. ప్యాకింగు మందము ఒక్క మిల్లీమీటరు పెరిగినచో మీది చోటు 5 ఘన సెంటీమీటరులు పెరిగి 35.7 బదులు 40.7 అగును, నిష్పత్తి 16.5 నుండి 14.6 కు దిగిపోవును. చలికాలపు ఉదయమున అట్టి ఇంజను మొదలగుట దుర్లభము. మొదలైనను తెల్లపొగ చిమ్ముచుండును. దీనికి విపర్యయముగా మందము మూడింట నొకవంతు మిల్లీమీటరు తగ్గినచో నిష్పత్తి 17 దాటును; అంతకుమించి తగ్గినచో పిస్టను హెడ్డునకో వాల్వులకో తగులవచ్చును. నిష్పత్తి మాఱదని పైన చెప్పబడినది అరుగుదల విషయముననే. మనుష్యుని చేయి పడినచో తప్పక మాఱును. కర్మాగారమువారు చెప్పిన మందమే వేయవలెను. ఇంగ్లాండునందలి డర్స్లీలో చేయబడిన లిస్టరు సీ.ఎస్. ఇంజనులు కొన్నింటియందు ఒక చిన్న చక్రము త్రిప్పి, మొదలుపెట్టునపుడు ఎక్కువ నిష్పత్తియు బరువుపై తక్కువ నిష్పత్తియు పెట్టుకొను వీలు గలదు. అది కర్మాగారమువారు చేసిన యేర్పాటు. సాధారణ ఇంజనులందు అట్టి స్వేచ్ఛ లేదు.

ప్యాకింగు సరియైనదే, ఎవరును చేయి పెట్టలేదు, అయినను ఇంజను కదలుటలేదన్నచో, పోయినది నిష్పత్తి కాదు, ఒత్తిడి. అదుమబడిన గాలికి తప్పించుకొనుటకు మూడు త్రోవలు గలవు: రింగుల ప్రక్కనుండి క్రిందికి, వాల్వుల సందునుండి బయటికి, ప్యాకింగు కాలిన చోటునుండి ప్రక్కకు. ఏ త్రోవయో తెలిసికొనక లైనరు మార్పించుట ఊరంతటికిని వచ్చిన జ్వరమునకు ఒక్కనికి మందిచ్చినట్లుండును.

మొట్టమొదట చూడవలసినది ఖర్చులేనిది. ఇంజను చల్లగా నున్నపుడు రెండు వాల్వుల మీది ట్యాపెట్టు సందులను చూడవలెను. సందు బొత్తిగా లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనదు. స్క్రూ ఒకింత త్రిప్పుటతో తీరు జబ్బునకు వేలకొలది రూపాయలు ఖర్చు పెట్టినవారు లేకపోలేదు. పిమ్మట నాజిల్ తీసి, ఆ రంధ్రమున ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, నాజిల్ మరల బిగించి హ్యాండిలు త్రిప్పి చూడవలెను. ఆయిలు పిస్టను చుట్టును చేరి రింగుల సందును తాత్కాలికముగా మూయును. ఇప్పుడు చేతికి బిగువు తగిలినచో రింగులును లైనరును అరిగినవని తెలియును. బిగువు రానిచో దోషము వాల్వులదో ప్యాకింగుదో కావలెను. పొగగొట్టమువద్ద చెవి యొగ్గి మెల్లగా త్రిప్పినపుడు బుసబుస విననైనచో అది పొగవాల్వు. గాలి పీల్చు గొట్టమువద్ద విననైనచో అది గాలి వాల్వు. నీటి తొట్టిలో బుడగలు లేచినచో ప్యాకింగే. వాల్వులను పేస్టుతో నూఱి కూర్చుట లైనరు మార్పించుటకంటె ఎంతయో చౌక.

త్రిప్పు వేగమును మఱవరాదు. కొమ్ము గొట్టములో కడ్డీని మెల్లగా త్రోసినచో నిప్పు పుట్టనట్లే, హ్యాండిలు మెల్లగా త్రిప్పినచో గాలి కాఱుటకును, దాని వేడి చల్లని ఇనుపగోడలు పీల్చుటకును వ్యవధి చిక్కును. కావున డీకంప్రెషను మీటను ఎత్తిపెట్టి, ఫ్లైవీలు పూర్తి వేగమందుకొన్న తరువాతనే మీటను వదలవలెను. బలవంతుడు ప్రారంభమునుండియు బిగువునకు ఎదురు త్రిప్పుటకంటె, సామాన్యుడు ఈ విధమున త్రిప్పుట మేలు.

రింగులరుగుదలకు ముఖ్యకారణము దుమ్ము. కళ్లము తూర్పార పట్టునపుడును, గాలిదుమారములందును గాలి జల్లెడలోని ఆయిలు ఒక దినములోనే బురదయగును. ఆ ఆయిలును మార్చుటకు పట్టు ఖర్చు స్వల్పము. జల్లెడ తీసివేసినచో ఇంజను బాగుగా లాగునని దానిని మూల పాఱవేయుట ఒక దురాచారము. అట్టి ఇంజనులు కొలది పంటలకే చెడుట చూడనగును.

కడపట 35.7 అను సంఖ్య. గాలిని అదుమవచ్చును, నీటిని అదుమ వీలులేదు. వరదలో మునిగిన ఇంజనులోనికిగాని, కాలిన ప్యాకింగు సందునుండిగాని రెండు మూడు పెద్ద చెంచాల నీరు పిస్టనుపై చేరినచో, ఆ ఇఱుకు చోటు నిండిపోవును. ఆ తరువాత పిస్టను పైకి రాలేదు; ఫ్లైవీలు మాత్రము తన బరువుతో దానిని త్రోయును. కనెక్టింగు రాడ్డు వంగుటయో, హెడ్డు పగులుటయో తప్పదు. వరద తీసిన మఱుదినముననే బావి వద్దకు పోయి, హ్యాండిలు బిగించి ఊపుగా త్రిప్పుటచే అనేక ఇంజనులు ఇట్లు చెడును. నీట మునిగిన ఇంజనునకు ముందుగా నాజిల్ ఊడదీయవలెను. ఆ రంధ్రమునుండి నీరంతయు వెడలిపోవునట్లు, చేతితో మెల్లగా, బిగువు ఏమాత్రము తగిలినను ఆగుచు, పలుమాఱులు త్రిప్పవలెను. అడుగుతొట్టిలోని ఆయిలును తీసివేసి క్రొత్తది పోయవలెను. డీజిలు ట్యాంకులో నీరు చేరినదేమో చూచి వంచివేయవలెను. గాలి జల్లెడను కడిగి ఆరబెట్టవలెను. ఇవి యన్నియు ముగిసి, రంధ్రమునుండి వట్టి గాలి మాత్రమే వచ్చుచున్నదని చేయి యడ్డుపెట్టి చూచుకొన్న పిమ్మటనే నాజిల్ మరల బిగింపవలెను.